ఒబామాకి ఎన్ని మార్కులు వేయాలి?

ప్రశ్న (2017 జనవరి, ఒబామా పదవి దిగే వారంలో):

మేము నార్త్ కరోలినాలో కేరీలో ఉంటాం. నేను 1996లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చాను, 2007లో సిటిజన్ అయ్యాను. ఓటరుగా నమోదైనప్పుడు ఏ పార్టీ పేరూ రాయలేదు, ఇవాళ్టికీ రాయలేదు. 2008లో ఒబామాకి వేశాను. 2012లో దేశం అప్పు చూసి భయమేసి రిపబ్లికన్ రామ్నీకి వేశాను. మొన్న నవంబర్‌లో ఎవరికి వేశానో ఇంట్లో కూడా చెప్పలేదు.

సంక్రాంతికి మా ఇంట్లో భోజనాల దగ్గర గొడవైంది. డాలస్ నుంచి వచ్చిన మా బావమరిది "ఎనిమిదేళ్ళలో అప్పు రెట్టింపు చేశాడు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు ఆకాశానికెక్కించాడు, పీడ విరగడైంది" అన్నాడు. మా బాబాయి కొడుకు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాడు. "మా ఆవిడ ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. ఒబామా పుణ్యమా అని 2015లో పని అనుమతి (ఈఏడీ) వచ్చి ఉద్యోగంలో చేరింది. మాకు ఆయన దేవుడు" అని వాడన్నాడు. మా అమ్మాయికి ఇరవయ్యేళ్ళు. షికాగోలో ఆయన వీడ్కోలు ప్రసంగం చూసి ఏడ్చింది. మామయ్య మాటకి కంచం ముందు నుంచి లేచిపోయింది. అందరూ నావైపు తిరిగి "మరి నువ్వేమంటావు?" అన్నారు. "కొంత మంచీ ఉంది, కొంత చెడూ ఉంది" అన్నాను. బావమరిది "గోడ మీద పిల్లి" అని నవ్వాడు. అమ్మాయి "2012లో ఆయనకి ఎందుకు వెయ్యలేదు నాన్నా?" అని అడిగి, నేను నోరు విప్పేలోపే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నిజానికి నాకే తేలడం లేదు. 2014లో ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకున్నాను. మా ఆవిడకి షుగర్. నలుగురికీ ఒబామాకేర్ చట్టం కింద పెట్టిన బీమా బజారు మార్కెట్‌ప్లేస్‌లోనే ఇన్సూరెన్స్. అదే లేకపోతే ఉద్యోగం మానే ధైర్యం నాకు ఉండేది కాదు. ఈ ఏడాది ప్రీమియం చూస్తే మాత్రం గుండె గుభేలుమంది. ఎలాగూ ఆ చట్టాన్ని ఎత్తేస్తారంటున్నారు కదా అని వేరే ప్లానుల వైపు కూడా చూడలేదు. వెళ్ళిపోతున్న అధ్యక్షుణ్ణి నాబోటివాడు ఎలా బేరీజు వేసుకోవాలి? 21న వాషింగ్టన్‌లో మహిళల మార్చ్‌కి తోడు రమ్మని అమ్మాయి అడుగుతోంది. వెళ్ళనా?

– పార్టీ లేని ఓటరు, కేరీ

సమాధానం:

ముందు ఆ పిల్లి సంగతి తేల్చేద్దామండీ. గోడ మీద పిల్లి ఎటు లాభమో చూసుకుంటూ కూర్చుంటుంది. మీరు కూర్చోలేదు, ప్రతిసారీ దూకారు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. మీ రాష్ట్రమూ అచ్చం మీలాగే చేసింది. 2008లో 40 లక్షల పైచిలుకు ఓట్లు పోలైతే సుమారు 14 వేల తేడాతో ఒబామాని గెలిపించింది, 2012లో రామ్నీ వైపు వెళ్ళింది, మొన్న ట్రంప్‌కి వేసింది. మీలాంటివాళ్ళు కదులుతూ ఉండబట్టే అక్కడ అభ్యర్థులు ఇంటింటికీ తిరగాల్సి వస్తోంది. ఒకే జెండా పట్టుకున్నవాళ్ళకి మీ మీద చిరాకు ఉంటుంది, ఉండనివ్వండి.

మీరు చెప్పిన జవాబుతో మాత్రం నాకూ పేచీ ఉంది. "కొంత మంచీ, కొంత చెడూ" అని ఏ అధ్యక్షుడి గురించైనా అనొచ్చు. నిక్సన్ గురించీ అనొచ్చు, పర్యావరణ పరిరక్షణ సంస్థ పుట్టిందీ వాటర్‌గేట్ జరిగిందీ ఆయన హయాంలోనే. ఆ మాట విన్నవాళ్ళకి మీరేం చూశారో, దేనికి బాధపడ్డారో ఏమీ తెలియదు. అందుకే మీ బావమరిది నవ్వగలిగాడు. ఏది మంచి, ఎవరికి మంచి, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అని చెప్పి ఉంటే నవ్వడానికి ఆయనకి సందు దొరికేది కాదు. మొత్తం మీద ఎన్ని మార్కులు అన్న లెక్క పార్టీలవాళ్ళకి కావాలి, వచ్చే ఎన్నికల్లో పనికొస్తుంది కనక. మీకు దానితో పనేముంది? ఒక్కో పద్దూ విడిగా చూసుకోండి. కూడిక వేయమని ఎవరు అడిగినా వేయకండి.

బావమరిది పద్దుతోనే మొదలుపెడదాం, ఆయన చెప్పిన అంకె నిజమే కాబట్టి. ఒబామా ప్రమాణస్వీకారం చేసేనాటికి దేశం అప్పు దాదాపు 10.6 ట్రిలియన్ డాలర్లు. ఇప్పుడు 20 ట్రిలియన్లకి చేరువైంది. ఎలా పెరిగిందన్నది ఆయన చెప్పలేదు. 2009 జనవరి ఒక్క నెలలోనే దాదాపు 8 లక్షల ఉద్యోగాలు ఊడాయి. ఉద్యోగాలు పోతే పన్నులు రావు, భృతి మాత్రం ఇవ్వక తప్పదు. ఆ ఆర్థిక సంవత్సరం లోటు 1.4 ట్రిలియన్లు. ఆ సంవత్సరం మొదలైంది 2008 అక్టోబర్‌లో, బుష్ ఇంకా వైట్‌హౌస్‌లో ఉండగానే. దానిమీద ఒబామా 787 బిలియన్ల ఉద్దీపన ప్యాకేజీ తెచ్చాడు, అందులో సుమారు మూడోవంతు పన్నుల తగ్గింపులే. తర్వాత లోటు దిగుతూ వచ్చి 2015లో 440 బిలియన్లకి చేరింది, పోయినేడు మళ్ళీ పెరిగింది. బుష్ కాలం నాటి పన్ను తగ్గింపుల్లో చాలా వాటిని 2013 జనవరిలో శాశ్వతం చేసింది కూడా ఒబామానే, రిపబ్లికన్లతో కలిసి. అప్పు గురించి అంత బెంగపడే మీ బావమరిది ఆ సంతకం మీద ఎప్పుడైనా ఫిర్యాదు చేశాడేమో కనుక్కోండి. నాకైతే అనుమానమే.

నిరుద్యోగం 2009 అక్టోబర్‌లో 10 శాతం. గత నెల, 2016 డిసెంబర్‌లో, 4.7. ఇందులో అంతా ఒబామా ఘనతే అనడానికి లేదు. బ్యాంకుల్ని నిలబెట్టిన 700 బిలియన్ల చట్టం మీద సంతకం బుష్‌ది, కార్ల కంపెనీలకి మొదటి విడత అప్పు ఇచ్చిందీ ఆయనే. జనరల్ మోటార్స్‌నీ క్రైస్లర్‌నీ దివాలా కోర్టు గుండా నడిపించి బయటపడేసింది మాత్రం ఒబామా. అప్పుడు సర్వేల్లో జనం వద్దన్న పని అది.

నాకు కోపం వచ్చేది ఇళ్ళ దగ్గర. 2009 ఫిబ్రవరిలో 30-40 లక్షల కుటుంబాలకి ఇంటి అప్పు వాయిదాలు తగ్గించి ఇళ్ళు నిలబెడతామని ప్రకటించారు. ఆ పథకం ఆ అంకెకి చాలా దూరంలోనే చతికిలబడింది. జనాన్ని కాగితాల కోసం నెలల తరబడి తిప్పారు, ఈలోగా జప్తు నోటీసులు వచ్చేశాయి. అంత విధ్వంసం జరిగితే వాల్‌స్ట్రీట్ పెద్ద బ్యాంకుల అధిపతుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా జైలుకి పోలేదు. బ్యాంకులకి పట్టాలెక్కడానికి నెలలు సరిపోయాయి, ఇల్లు పోగొట్టుకున్నవాడు ఎనిమిదేళ్ళయినా కోలుకోలేదు. మొన్న నవంబర్ ఫలితానికి వంద కారణాలు చెబుతున్నారు. ఇది ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

ఇక మీ ఇన్సూరెన్స్. ఇక్కడ మీ కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ భోజనాల దగ్గర ఎవరూ లేరు, అయినా మీరే నోరు మెదపలేదు. 2014కి ముందు షుగర్ ఉన్న మనిషి సొంతంగా పాలసీ కొనబోతే చాలా రాష్ట్రాల్లో కంపెనీ కాదనొచ్చు, లేదా మోయలేని ప్రీమియం అడగొచ్చు. అందుకే మనవాళ్ళలో ఎంతోమంది మేనేజర్‌ని తిట్టుకుంటూనే ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడారు. 2014 జనవరి 1 నుంచి అలా కాదనడం కుదరదని చట్టం వచ్చింది, మీరు అదే ఏడాది బయటికొచ్చారు. మీ అమ్మాయి 26 ఏళ్ళు నిండేదాకా మీ పాలసీలోనే ఉండొచ్చు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ దొరకని ఆ మొదటి అయిదేళ్ళు ఏం చేయాలన్న బెంగ మన ఇళ్ళల్లో ఎంత ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. విజిటర్ ఇన్సూరెన్స్‌తో దేవుడి మీద భారం వేసి నెట్టుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళూ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కోవచ్చు. దేశం మొత్తం మీద సుమారు 2 కోట్ల మందికి కొత్తగా బీమా దొరికింది.

మీ ప్రీమియం సంగతీ అంతే నిజం. "మీకు నచ్చిన ప్లాను మీ దగ్గరే ఉంటుంది" అని ఒబామా పదేపదే చెప్పాడు. 2013లో లక్షల మందికి రద్దు ఉత్తరాలు వచ్చాయి. ఆ అక్టోబర్‌లో మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్ తెరిస్తే తెరుచుకోలేదు. (ఆ నెలంతా మనవాళ్ళు ప్రతి ఆఫీసు క్యాంటీన్‌లోనూ లోడ్ టెస్టింగ్ మీద పాఠాలు చెప్పారు. ప్రభుత్వానికి వినే తీరిక లేకపోయింది.) ఈ ఏడాది మార్కెట్‌ప్లేస్ ప్రీమియంలు సగటున 20 శాతానికి పైగా పెరిగాయి. మీ రాష్ట్రంలో చాలా కౌంటీల్లో ఒక్క కంపెనీయే మిగిలింది, పోటీయే లేదు. అన్నిటికంటే ఘోరం ఆ సబ్సిడీ గీత. 2017 ప్లానులకి నలుగురి కుటుంబం ఏడాది ఆదాయం 97,200 డాలర్ల లోపుంటే సాయం అందుతుంది. ఆ పైన ఒక్క డాలరు దాటినా సున్నా. పెద్ద కంపెనీ ఉద్యోగికి ఈ గీత ఉందనే తెలియదు, కంపెనీ కడుతుంది. పేదవాడికి ప్రభుత్వం కడుతుంది. గీతకి కాస్త పైన నిలబడ్డ సొంత వ్యాపారస్థుడు నిండు ప్రీమియం కట్టుకోవాలి. ఆ గీత అలా గీసింది ఒబామా పార్టీయే. ఎత్తేస్తామన్నవాళ్ళు ఆరేళ్ళుగా రద్దు తీర్మానాలే పెట్టారు కానీ దాన్ని సరిచేద్దామని రాలేదు.

ఇంకో సంగతి. దారిద్ర్యరేఖ దగ్గర ఉన్నవాళ్ళందరికీ పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ ఇవ్వాలని చట్టం రాసింది. 2012లో సుప్రీంకోర్టు చట్టాన్ని 5-4తో నిలబెడుతూనే, మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమని తేల్చింది. నార్త్ కరోలినా వద్దంది. అందువల్ల మీ ఊళ్ళో హోటల్లో గిన్నెలు కడిగే ఒంటరి మనిషి ఆదాయం దారిద్ర్యరేఖకి కింద ఉంటే అతనికి మెడికెయిడూ రాదు, సబ్సిడీ కూడా రాదు. మీ కొత్త గవర్నర్ రాయ్ కూపర్ ఈ నెలలోనే విస్తరిస్తానని ముందుకొస్తే, శాసనసభ నాయకులు కోర్టుకెళ్ళి ఆపించారు. ఒబామా పద్దులో రాసే తప్పుల్లో కొన్ని నిజానికి మీ రాష్ట్ర రాజధాని రాలీలో, మీ ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో జరిగినవి. రాష్ట్ర శాసనసభకి మీరు ఎవరికి ఓటేశారో మీ ఉత్తరంలో లేదు. మనవాళ్ళ ఉత్తరాల్లో ఎప్పుడూ ఉండదు.

మీ తమ్ముడు దేవుడన్నది ఒక నియమాన్ని. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఉన్న హెచ్-1బి వాళ్ళ భార్యలకీ భర్తలకీ పని అనుమతి ఇస్తూ ప్రభుత్వ శాఖ చేసిన నియమం అది. ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషి మొదటి జీతం అందుకుంటే ఆ ఇంట్లో ఏం మారుతుందో నేను తక్కువ చేయను. కాని అది కాంగ్రెస్ చేసిన చట్టం కాదు. దాని మీద కోర్టులో కేసు ఉంది, శుక్రవారం నుంచి ఆ శాఖ మరొకరి చేతిలో ఉంటుంది. డాకా కూడా అలాంటిదే. చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చిన ఏడు లక్షల పైచిలుకు పిల్లలకి 2012లో ఇచ్చిన భరోసా ఒక శాఖాపరమైన మెమో మీద నిలబడి ఉంది. పారిస్ వాతావరణ ఒప్పందం సెనేట్ ముందుకి పోలేదు. ఇరాన్ అణు ఒప్పందమూ సంధిగా పోలేదు. క్యూబాతో స్నేహంలో చాలా భాగం ఉత్తర్వుల మీదే నడిచింది. నాకు కలం ఉంది, ఫోను ఉంది అని 2014లో ఆయనే అన్నాడు. కలంతో రాసినదాన్ని కొట్టేయడానికి ఇంకో కలం చాలు.

ఇక్కడ తప్పెవరిది? నా లెక్కలో సగం సగం. 2013 జూన్‌లో సెనేట్ 68-32తో పెద్ద వలస బిల్లు ఆమోదించింది. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితి ఎత్తేసే మాట అందులో ఉంది. మీ తమ్ముడి వరస అక్కడితో కదిలేది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ దాన్ని ఓటింగ్‌కే రానివ్వలేదు. ఇది వాళ్ళ సగం. మొదటి ఏడాదిలోనే వలస బిల్లు తెస్తానని 2008లో మాటిచ్చి, రెండు సభల్లోనూ మెజారిటీ ఉన్న ఆ రెండేళ్ళలో దాన్ని వెనక్కి నెట్టింది ఒబామా. ఇది ఆయన సగం. అదే ఒబామా హయాంలో 25 లక్షల మందికి పైగా దేశం నుంచి పంపించేశారు. ఆ మాట మీ అమ్మాయీ అనలేదు, మీ తమ్ముడూ అనలేదు.

ఆ మాటకొస్తే, అంత రభసలో ఎవరూ దేశం దాటి మాట్లాడలేదని గమనించారా? బిన్ లాడెన్‌ని మట్టుబెట్టారు, సరే. లిబియాలో గడాఫీ పోయాక ఏం చేయాలో ఆలోచించకపోవడమే బహుశా తన అతిపెద్ద పొరపాటని ఒబామా పోయినేడు ఒప్పుకున్నాడు. సిరియాలో రసాయన ఆయుధాలు వాడితే ఊరుకోనని 2012లో గీత గీసి, మరుసటి ఏడాది డమాస్కస్ దగ్గరి ఘూటాలో వాడితే బాంబులకి బదులు బేరం కుదుర్చుకున్నాడు. ఆ నిర్ణయం సరైనదేనని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో బలమూ ఉంది. గీయకుండా ఉంటే ఇంకా బాగుండేది. డ్రోన్ల విషయంలో నేను ఏమాత్రం తగ్గను. యుద్ధం ప్రకటించని చోట్ల 2009 నుంచి 2015 దాకా 473 దాడులు చేశామని, 64 నుంచి 116 మంది మామూలు జనం పోయారని ప్రభుత్వమే చెప్పింది. బయటి సంస్థల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. ఏడాదిలో మూసేస్తానన్న గ్వాంటానమో జైలు ఎనిమిదేళ్ళయినా తెరిచే ఉంది. ఈ పద్దులో నేను దయ చూపించను. నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న మనిషి కనక ఇంకా చూపించను.

మీ ఉత్తరంలో మొదటి వాక్యాల్లోనే ఇంకో అధ్యక్షుడి పని ఉంది, మీరు గమనించలేదు. 1990 నవంబర్ 29న పెద్ద బుష్ ఒక వలస చట్టం మీద సంతకం పెట్టాడు. హెచ్-1బి అన్న వీసా అందులోంచే వచ్చింది, ఏడాదికి 65 వేలని. ఉద్యోగాల మీద గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అన్నదీ, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నదీ అదే చట్టం. అంటే మీ కేరీ ఇల్లూ, మీ తమ్ముడి ఎడతెగని ఎదురుచూపూ ఒకే సంతకంలోంచి వచ్చాయి. 1993 జనవరిలో ఆయన ఓడిపోయి వెళ్ళిపోతుంటే జనం గల్ఫ్ యుద్ధం గురించీ, పన్నులు పెంచనని చెప్పి పెంచడం గురించీ మాట్లాడుకున్నారు. హైదరాబాదులో అమీర్‌పేట అనే చోట కోచింగ్ సెంటర్లు మొలుస్తాయని, ఈ సంతకం అక్కడిదాకా పోతుందని ఎవరు అనుకున్నారు? అంతకుముందు 1965లో జాన్సన్ సంగతీ ఇంతే. ఆసియావాళ్ళకి తలుపులు తీసిన చట్టం మీద స్వేచ్ఛా విగ్రహం దగ్గర సంతకం పెడుతూ, ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు, కోట్లమంది బతుకుల్ని మార్చదు అని ఆయనే అన్నాడు.

కాబట్టి ఒబామా గురించి కూడా ఇప్పుడు ఎవరూ మాట్లాడని పద్దు ఒకటి మిగిలి ఉంటుంది. నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. 2013 నవంబర్‌లో సెనేట్‌లోని డెమొక్రాట్లు, ఒబామా మెచ్చుకోలుతో, కింది కోర్టు జడ్జీలకీ ప్రభుత్వ నియామకాలకీ 60 ఓట్లు అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు అని పద్ధతి మార్చేశారు. రిపబ్లికన్లు ప్రతి నియామకాన్నీ అడ్డుకుంటున్నారన్న విసుగులో చేసిన పని. ఇప్పుడు వైట్‌హౌసూ సెనేటూ రెండూ అవతలి పార్టీ చేతికి వెళ్ళాయి. మెరిక్ గార్లండ్ అనే జడ్జిని ఒబామా 2016 మార్చిలో సుప్రీంకోర్టుకి ప్రతిపాదిస్తే కనీసం విచారణ కూడా జరపని సెనేట్ అది. వీళ్ళు వేయబోయే జడ్జీలు మీ అమ్మాయికి యాభయ్యేళ్ళు వచ్చేదాకా తీర్పులిస్తారు. షికాగో ప్రసంగంలో ఇది లేదు, మీ బావమరిది తిట్లలోనూ లేదు.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పండి. 2012 అక్టోబర్ నాటికి నిరుద్యోగం 8 శాతానికి కాస్త దిగువన ఉంది, అప్పు పెరుగుతోంది, వ్యాపారం తెలిసిన మాజీ గవర్నర్ ఒకాయన బాగు చేస్తానన్నాడు, నమ్మాను అని చెప్పండి. ఇవాళ మళ్ళీ వేయాల్సి వస్తే ఏం చేస్తారో అదీ చెప్పండి. క్షమాపణలాంటిది మాత్రం చెప్పకండి, ఆ అమ్మాయి అడగలేదు. తనవైపు నుంచి కూడా చూడండి. ఒబామా గెలిచినప్పుడు తనకి పన్నెండేళ్ళు. క్లాసులో టీచరు హాజరు పిలుస్తూ తన పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయే వయసు. అప్పుడు ఒక కెన్యా విద్యార్థి కొడుకు, పలకడానికి అంతకంటే చిత్రమైన పేరున్నవాడు, కాపిటల్ మెట్ల మీద నిలబడి మధ్యపేరు హుసేన్‌తో సహా ప్రమాణం చేశాడు. ఎనిమిదేళ్ళు ఇంటిపేరుకి మచ్చ రాకుండా ఉన్నాడు. మీకు అధ్యక్షుడంటే వడ్డీరేట్లు, పన్నులు, ప్రీమియంలు. ఆ పిల్లకి ఊహ తెలిశాక అధ్యక్షుడంటే ఆయనొక్కడే. ఆమె ఏడ్చింది దానికి. డ్రోన్ల లెక్క ఆ పూట చెప్పకండి, ఇంకో రోజు తప్పకుండా చెప్పండి.

బావమరిదికి జవాబు చెప్పి తీరాలా అంటే, అక్కర్లేదు. పై సంక్రాంతికి మళ్ళీ వస్తాడుగా. అప్పటికి అప్పు ఎంతైందో ఇద్దరూ కలిసి చూడండి.

మార్చ్‌కి వెళ్ళండి. అక్కడి నినాదాలన్నిటికీ మీరు తలూపనక్కర్లేదు, ప్లకార్డు పట్టనక్కర్లేదు. ఇరవయ్యేళ్ళ పిల్ల తండ్రిని తోడు రమ్మనడం మాటలు కాదు. కేరీ నుంచి వాషింగ్టన్ నాలుగైదు గంటల దారి, డ్రైవింగ్ మీరు చేయండి, మాట్లాడేది తనని మాట్లాడనివ్వండి. కారు ఊరిబయట మెట్రో స్టేషన్‌లోనే పెట్టేయండి, లోపల ఆ రోజు పార్కింగ్ దొరకదు. కుదిరితే శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారం కూడా పూర్తిగా చూడండి. ఆయన పద్దులు కూడా మీరే రాసుకోవాలి, మొదటి రోజు నుంచి రాసుకుంటే తేలిక.

చివరగా ఆ ప్లాను విషయం. పోయిన గురువారం సెనేట్ 51-48తో, మర్నాడు ప్రతినిధుల సభ 227-198తో రద్దుకి దారి తీసే బడ్జెట్ తీర్మానం ఆమోదించిన మాట నిజమే. కాని తీర్మానంతో చట్టం పోదు, ఈ ఏడాది మీ పాలసీ ఈ చట్టం కిందే నడుస్తుంది. 2017కి ప్లాను మార్చుకోవడానికి ఈ జనవరి 31 దాకా గడువుంది. ఇప్పుడు మారిస్తే మార్చి 1 నుంచి అమలవుతుంది. మీ 2017 ఆదాయం ఎంత ఉండొచ్చో అంచనా వేయండి. 97,200కి కాస్త పైన తేలితే, సొంత వ్యాపారస్థుల రిటైర్మెంట్ ఖాతాలో వేసే డబ్బూ, ప్లాను దానికి తగినదైతే హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య పొదుపు ఖాతాలో వేసే డబ్బూ ఆ లెక్కలోంచి తీసేస్తారు, గీత కిందికి దిగితే సబ్సిడీ వస్తుంది. ఏడాదికి కొన్ని వేల డాలర్ల తేడా ఉండొచ్చు. మీ పన్నులు చూసే సీపీఏకి ఈ వారమే ఫోన్ చేయండి. పన్నుల సీజన్ మొదలయ్యాక ఆయన ఫోన్ ఎత్తడు.